ద్వారబంధానికి ఎన్ని ఘనపుటడుగుల టేకు పడుతుంది, ఖర్చు ఎలా లెక్కించాలి?

కోసిన చెక్క వెడల్పును, మందాన్ని అంగుళాల్లోను, పొడవును అడుగుల్లోను తీసుకొని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే టింబర్ డిపోల్లో అనే సీఎఫ్‌టీ వస్తుంది. దాన్ని ధరతో గుణిస్తే చెక్క ఖర్చు తెలుస్తుంది. ఒక చదరపు అడుగులో 144 చదరపు అంగుళాలు ఉంటాయి కనుక, వెడల్పు, మందాల లబ్ధాన్ని చదరపు అడుగుల్లోకి మార్చడానికే ఈ భాగహారం.

ద్వారబంధానికి 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న చెక్క వాడుతున్నారనుకుందాం. నిలువు చెక్కలు రెండూ ఏడేసి అడుగులు, పై చెక్క, గడప నాలుగేసి అడుగులు అయితే మొత్తం పొడవు 22 అడుగులు. 5ను 3తో, ఆపై 22తో గుణిస్తే 330. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.29 ఘనపుటడుగులు. ఘనపుటడుగు ధర 4,000 రూపాయలనుకుంటే చెక్కకు దాదాపు 9,170 రూపాయలు అవుతుంది. పన్ను, కోత కూలి, వడ్రంగి కూలి వేరు.

డిపోలో "అడుగు నాలుగు వేలు" అనగానే చాలామంది అది పొడవులో అడుగు ధర అనుకొని కంగారుపడతారు. అది ఘనపుటడుగు ధర. పై కొలత చెక్క ఒక అడుగు పొడవుకు దాదాపు 417 రూపాయలే పడుతుంది. ఇంకొకటి, చిత్రిక పట్టాక చెక్క మందం కొంత తగ్గుతుంది, కానీ డబ్బు చెల్లించేది చిత్రికకు ముందున్న కొలతకే. కాబట్టి టేపు పట్టవలసింది అప్పుడే. గుండ్రటి దుంగకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు: చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించడం అక్కడి పద్ధతి.