ఎస్సై ఉద్యోగం, ఆ తరువాత ఎమ్మెల్యే పదవి: ఈ దారి మా వంటి వారికి కుదురుతుందా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీని. మా అబ్బాయి బీఏ చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఎస్సైగా కొన్నేళ్ళు చేసి తరువాత ఎమ్మెల్యేగా నిలబడతానంటున్నాడు. అమెరికాలో ఎరిక్ ఆడమ్స్ అనే పోలీసు అలాగే పైకి వచ్చాడని చూపిస్తున్నాడు. మాకు వెనక ఎవరూ లేరు. ఇది జరిగే పనేనా? కోచింగ్‌కు అప్పు చేయమంటారా?

సమాధానం: అయ్యా, జరగని పనేమీ కాదు. అయితే మీ అబ్బాయి ఎస్సై ఉద్యోగాన్ని శాసనసభకు మొదటి మెట్టుగా లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క మన రాష్ట్రంలో సరిపోదు.

ఆయన చెప్పిన ఉదాహరణ నిజమే. ఆడమ్స్ తల్లి ఇళ్ళు శుభ్రం చేసే పనికి వెళ్ళేవారు, తండ్రి మాంసం కొట్టే పని చేసేవారు. పదిహేనేళ్ళ వయసులో పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న ఆ కుర్రవాడే 1984లో న్యూయార్క్‌లో పోలీసు ఉద్యోగంలో చేరి, 2006లో కెప్టెన్‌గా పదవీ విరమణ చేసి, అదే ఏడాది రాష్ట్ర సెనేట్‌కు (అక్కడి చట్టసభలో ఎగువ సభ) ఎన్నికై, 2022లో నగర మేయరయ్యారు. (2024లో ఆయనపై అవినీతి అభియోగాలు నమోదయ్యాయని, 2025లో ఆ కేసును కొట్టివేశారని కూడా అబ్బాయికి తెలిసి ఉండాలి.) కానీ ఆయన పేరు జనంలోకి వెళ్ళింది కెప్టెన్ హోదా వల్ల కాదు. 1995లో తోటి నల్లజాతి పోలీసులతో కలిసి ఒక సంఘం పెట్టి, ఉద్యోగంలో ఉండగానే సొంత శాఖ తీరును బహిరంగంగా విమర్శించడం వల్ల, అదీ తాను పుట్టి తరువాత ప్రాతినిధ్యం వహించిన న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రాంతంలోనే నలుగురికీ తెలిసి ఉండటం వల్ల, ఆయనకు ఓటర్లు సిద్ధమయ్యారు.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. పోలీసులు అనుమతి లేకుండా రాజకీయ సంఘాల్లో చేరడాన్ని, రాజకీయ సభల్లో పాల్గొనడాన్ని, పత్రికలకెక్కడాన్ని 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం కట్టడి చేస్తుంది. పైగా ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారం ఎన్నికల వేళ పోలీసు అధికారులను సొంత ప్రాంతంలో ఉంచరు. అంటే, రేపు మీవాడు ఓటు అడగవలసిన వీధుల్లో పనిచేసే అవకాశమే ఉద్యోగం ఆయనకు సరిగా ఇవ్వదు. ఇరవై ఏళ్ళు బదిలీల మీద తిరిగి వచ్చిన అధికారిని ఊళ్ళో గౌరవిస్తారు. కానీ అదే ఇరవై ఏళ్ళూ ఊళ్ళోనే ఉండి పింఛను కాగితాలు రాసిపెట్టిన వార్డు నాయకుడికి ఓటు వేస్తారు.

హోదా ఎంతవరకు పనికి వస్తుందో హిందూపురంలో చూడవచ్చు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, సీఐగా పనిచేసిన గోరంట్ల మాధవ్ అక్కడి లోక్‌సభ స్థానానికి పోటీ చేసి గెలిచారు. అదే పార్టీ తరఫున విశ్రాంత ఐజీ మహమ్మద్ ఇక్బాల్ హిందూపురం అసెంబ్లీ స్థానంలో ఓడిపోయి, తరువాత శాసనమండలికి వెళ్ళారు. అదే ఎన్నికల్లో, సీబీఐ జాయింట్ డైరెక్టర్‌గా ఇంటింటా పేరు తెలిసిన వి.వి. లక్ష్మీనారాయణ విశాఖపట్నంలో ఓడిపోయారు. మాధవ్‌కు కూడా స్వచ్ఛంద పదవీ విరమణ ఆమోదం దగ్గర చిక్కు వచ్చి, వ్యవహారం ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ప్రభుత్వోద్యోగంలో కొనసాగుతూ నామినేషన్ వేయడం కుదరదు కాబట్టి, ఆ కాగితం సమయానికి చేతికి రాకపోతే టికెట్ ఉన్నా ఉపయోగం ఉండదు.

వయసు లెక్క కూడా చూడండి. స్వచ్ఛంద పదవీ విరమణకు మన రాష్ట్రంలో సాధారణంగా ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి. పూర్తికాలం చేస్తే 62 ఏళ్ళకు విరమణ. ఎమ్మెల్యేగా నిలబడటానికి రాజ్యాంగం అడిగేది 25 ఏళ్ళే. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. మీ వంటి కుటుంబానికి అసలు అడ్డు డిపాజిట్ కాదు, ప్రచారం ఖర్చు: చట్టం ఒప్పుకునే పరిమితే 40 లక్షలు. దాన్ని పార్టీయో మద్దతుదారులో భరించాలి తప్ప, నిజాయితీగా పనిచేసిన ఎస్సై జీతం నుంచి కూడబెట్టగలిగేది కాదు. కూడబెట్టగలిగాడంటే నేను వేరే సంగతులు అడగవలసి వస్తుంది.

కాబట్టి ఎస్సై ఉద్యోగం ఆ పని మీద ఇష్టం ఉంటేనే ఎంచుకోమనండి. డిగ్రీ పూర్తి కావాలి. వయసు 21 నుంచి 27, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ళ సడలింపు. 2022 ప్రకటనలో వచ్చిన ఎస్సై పోస్టులు 411 మాత్రమే, మరుసటి ప్రకటన ఎప్పుడన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అందువల్ల ఇంటర్ అర్హతతో కానిస్టేబుల్ పరీక్ష కూడా రాయడం తెలివైన పని. ఈలోగా విద్యార్థి సంఘాల ధర్నాల్లో కేసు పడకుండా చూసుకోవాలి. పడితే ఎంపిక సమయంలో ఇచ్చే ధ్రువీకరణ పత్రంలో దాచకూడదు, ఎందుకంటే కేసు కన్నా దాచడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

రాజకీయాలే అసలు కోరిక అయితే పోలీసు శాఖ దాకా వెళ్ళనవసరం లేదు. నగరపాలక సంస్థ కార్పొరేటర్‌గా పోటీకి 21 ఏళ్ళు చాలు. యార్డు ముఠాల సమస్యలు మీ ద్వారా చిన్నప్పటి నుంచి చూసినవాడు. అక్కడి కార్మిక సంఘం పనిలో రెండేళ్ళు తిరిగితే ఓపిక ఉందో లేదో తనకే తెలుస్తుంది.

అప్పు మాత్రం ఇప్పుడే చేయవద్దు. డిగ్రీ పరీక్షలయ్యాక, పాత ప్రశ్నపత్రాలు ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని రాయించండి. బీఏ వారు ఎక్కువగా వెనకబడేది అంకగణితం, రీజనింగ్ పేపరులోనే. ఆ ఒక్కదానికి శిక్షణ కావాలంటే నెలవారీగా కట్టే చోట చేర్చండి. దేహదారుఢ్య పరీక్షలో ఉండే 1600 మీటర్ల పరుగు సాధనకు డబ్బు అవసరం లేదు, తెల్లవారుజామున ఏదైనా మైదానం చాలు.