కిల్ట్ కట్టుకోబోతున్న మా మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

కాన్వొకేషన్‌కి కిల్ట్, అదే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళబట్ట, కట్టుకుంటావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. గ్లాస్గోలో పుట్టినా మనం తెలుగువాళ్ళం కదా, కట్టుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని నీ టెన్షనట. నిక్షేపంగా కట్టుకో. ఫలానా గళ్ళ బట్ట ఫలానా వాళ్ళే కట్టాలని చట్టమేమీ లేదు, ఇక్కడి సిక్కులకి సింగ్ టార్టాన్ (ఆ గళ్ళ డిజైన్‌నే టార్టాన్ అంటారు) అని తమకంటూ ఒకటి ఉంది కూడా. ఒక వంశం పేరుతో ముడిపడనిది కావాలంటే ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ళ బ్లాక్ వాచ్ అనే టార్టాన్ తీసుకో.

కాకపోతే దాన్ని వేషంలా మాత్రం వేసుకోకురా. కల్లోడెన్ యుద్ధంలో ఇక్కడి తిరుగుబాటుదారులు ఓడాక 1746లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం తెచ్చి హైలాండ్, అంటే స్కాట్లండ్ కొండప్రాంతం, మగవాళ్ళని ఈ బట్ట కట్టనివ్వలేదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. 1782లో గానీ ఆ చట్టం ఎత్తేయలేదు.

నేను మొదటిసారి కట్టింది ఆఫీసులో ఒకతని పెళ్ళికి. అద్దె షాపులో ప్యాంటు సైజు చెప్పేశాను, ప్యాంటులాగే నడుం కిందకి బిగించాను, అంచు మోకాళ్ళు దాటి వేలాడింది. పెళ్ళికొడుకు వాళ్ళ నాన్న నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి, బకిల్స్ విప్పి, బొడ్డు దాకా పైకి లాగి మళ్ళీ బిగించి, నేలమీద మోకాళ్ళమీద కూర్చుని వెనక కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ సర్దాడు. నా పెళ్ళిలో మా తాతయ్య పంచె కుచ్చిళ్ళు సర్దింది అచ్చం అలాగే. ఆ రోజు నుంచి కిల్ట్ నాకు పరాయి బట్ట అనిపించలేదు.

అందుకని కొలత బొడ్డు దగ్గర తీయించుకో, పొడవు మోకాలి చిప్ప మధ్యకి రావాలి. మంచి కిల్ట్‌కి కింద మడత కుట్టు ఉండదు, మగ్గం మీద వచ్చిన అంచే ఉంటుంది, దాదాపు ఎనిమిది గజాల ఉన్ని బట్ట, కాబట్టి పొడవు తేడా వస్తే మన ప్యాంటుల్లా కింద మడిచి కుట్టించడం కుదరదు. కుచ్చిళ్ళు వెనక్కి, ముందు భాగం చదునుగా. పిన్ను పైపొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచినప్పుడు బట్ట లాగి చిరుగుతుంది. కూర్చునేటప్పుడు వెనక చెయ్యి పెట్టి కుచ్చిళ్ళు కిందకి దువ్వుకుంటూ కూర్చో, లేకపోతే లేచేసరికి నలిగిపోతాయి. మేజోడులో పెట్టే చిన్న కత్తి కుడికాలికి. విమానం ఎక్కితే అది చెకిన్ లగేజీలోనే వెయ్యాలి, మర్చిపోకు.

జేబులున్న కొత్తరకం కిల్ట్‌లు కొండలెక్కడానికి బాగుంటాయి, నేనూ కట్టుకుంటాను. కాన్వొకేషన్‌కి మాత్రం ఉన్నిదే కట్టు.

శనివారం పొద్దున ఇంటికి రా. టేపు నా దగ్గరుంది, కొలతలు నేనే తీస్తాను. బూట్లు కూడా తెచ్చుకో, ఆ లేసులు చీలమండ చుట్టూ తిప్పి కట్టడం నేర్పిస్తాను.

మామయ్య