మెదడు ప్రెషర్ కొలిచే పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా బాబుకి పుర్రె ఎముకలు వయసుకు ముందే అతుక్కుపోవడంతో ఆపరేషన్ చేశారు. అంతకుముందు ఒక రాత్రంతా తలలో ప్రెషర్ కొలిచారు. ఇప్పుడు వాడు బాగున్నాడు. ఆ మానిటర్ మీద గీతలు చూసినప్పటి నుంచి మా పెద్దమ్మాయి ‘నేనూ ఇదే పని చేస్తా’ అంటోంది. పన్నెండో తరగతి చదువుతోంది. ఫిజిక్స్, బయాలజీ రెండూ ఇష్టమే, లెక్కలూ బాగానే చేస్తుంది. కాకపోతే రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏ కోర్సులో చేర్చమంటారు? – ఒక తల్లి

జవాబు: బాబు కోలుకున్నందుకు సంతోషం అమ్మా. అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఆ ప్రెషర్ కొలవడం ఒక్కటే నేర్పే డిగ్రీ నాకు తెలిసి లేదు. రోజంతా అదొక్కటే చేసే ఉద్యోగమూ లేదు. మీరు చూసిన ఆ అంకె వెనక నలుగురైదుగురు ఉంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో చదువు. సెన్సర్ లోపల పెట్టేది ఒకరు, రాత్రంతా దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఒకరు, మత్తులో ఉన్న బిడ్డకు ప్రెషర్ పెరగకుండా చూసేది మరొకరు. ఆ సెన్సర్‌ను తయారు చేసినవాళ్లు ఆస్పత్రిలో కనిపించనే కనిపించరు. మీ అమ్మాయికి వీళ్లలో ఎవరి పని నచ్చిందో తేలితే కోర్సు సంగతి దానంతటదే తేలుతుంది.

ఈ విషయంలో ఎంత లోతు ఉందో మీ అమ్మాయికి కాస్త తెలియాలి. పుర్రెలో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే సీఎస్‌ఎఫ్ అనే ద్రవం, ఈ మూడింటికే చోటు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి, లేకపోతే ప్రెషర్ పెరుగుతుంది. 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ చెప్పిన మాట ఇది. ఇవాళ్టికీ అంతా దాని మీదే నడుస్తోంది. మీ బాబుకి వచ్చిన క్రేనియోసినోస్టోసిస్ సుమారు 2000 నుంచి 2500 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. వీళ్లందరికీ ప్రెషర్ పెరగదు. ఏపర్ట్, క్రూజాన్ లాంటి పుట్టుకతో వచ్చే సిండ్రోమ్‌లు ఉన్న పిల్లల్లో ఆ ముప్పు ఎక్కువ. పెద్దవాళ్లలోనైతే కంటి వెనక నరం వాచిందా అని చూసి కొంత పోల్చుకోవచ్చు. చిన్నపిల్లల్లో ఆ వాపు లేకపోయినా ప్రెషర్ ఉండొచ్చు. అందుకే అనుమానం ఉన్నచోట లోపల సెన్సర్ పెట్టి కొలుస్తారు. రాత్రంతా ఎందుకంటే, నిద్రలో ఈ ప్రెషర్ అలలు అలలుగా లేస్తుంది. స్వీడన్‌కు చెందిన నీల్స్ లుండ్‌బర్గ్ 1960లో ఆ అలలను గంటల తరబడి రికార్డు చేసి, ఏ, బీ, సీ అని విడదీసి చూపించాడు. మీ అమ్మాయి చూసిన గీతలకు మూలం అక్కడుంది.

ఇక చదువుల సంగతి. న్యూరోసర్జన్ దారి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వైద్య డిగ్రీ, ఆపైన దేశాన్ని బట్టి ఆరేడేళ్ల శిక్షణ, పిల్లల న్యూరోసర్జరీ కావాలంటే ఇంకాస్త. ఆ పనిలో సెన్సర్ పెట్టడమనేది చాలా చిన్న భాగం. గీతలు నచ్చాయని సర్జన్ కావాలనుకోవడం సరైన కారణం కాదని నా అభిప్రాయం. చేతిపని మీద ఇష్టం ఉండాలి, గంటల తరబడి నిలబడే ఓపిక ఉండాలి.

నా దృష్టిలో ఎవరూ పట్టించుకోని దారి మత్తు డాక్టర్‌ది. ఇదీ వైద్య డిగ్రీ తర్వాతే. మత్తు ఇచ్చి పక్కన కూర్చునే పని అని చాలామంది అనుకుంటారు. ఏడు కిలోల బిడ్డ ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నాడనుకోండి. ఒంట్లో రక్తం మొత్తం 560 మిల్లీలీటర్లకు అటూఇటూ. పుర్రె ఎముక కోసేటప్పుడు వంద మిల్లీలీటర్లు పోతే దాదాపు ఆరో వంతు పోయినట్టే. బీపీ పడిపోతుంది. మెదడుకు రక్తాన్ని తోసే బలం అంటే సగటు బీపీలోంచి తలలోని ప్రెషర్ తీసేయగా మిగిలేది. సగటు బీపీ 50, తలలో 15 ఉంటే (రెండూ పాదరసం మిల్లీమీటర్లలో) మిగిలేది 35. ఇందులో ఏది కదిలినా మెదడుకు అందే రక్తం మారుతుంది. వెంటిలేటర్ కాస్త నెమ్మదించి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడులో రక్తనాళాలు వెడల్పై ప్రెషర్ లేస్తుంది. తల ఒక పక్కకు ఎక్కువ తిరిగి మెడ సిరలు నొక్కుకుపోయినా అంతే. పైగా మత్తుమందులే ఆ అంకెను మారుస్తాయి కాబట్టి, టేబుల్ మీద కొలిచింది రాత్రి నిద్రలో కొలిచిన దానితో సమానం కాదు. ఎముక పక్కకు తీయగానే ప్రెషర్ దిగడం మామూలే, అయినా అక్కడితో పని అయిపోదు. ఫిజిక్స్, బయాలజీ రెండూ ఇష్టమైన పిల్లకు ఇంతకంటే సరిపడే వైద్య విభాగం నాకు కనిపించదు.

వైద్య డిగ్రీ లేకుండా ఆ మానిటర్‌కు అందరికన్నా దగ్గరగా ఉండేది ఐసీయూ నర్సు. ఈ ఉద్యోగాన్ని తక్కువగా చూసే తల్లిదండ్రులకు నేనొక లెక్క చెబుతుంటాను. మెదడు గదుల్లోకి ట్యూబు వేసి కొలిచే పద్ధతిలో, బయట ఉండే ట్రాన్స్‌డ్యూసర్‌ను, అంటే ప్రెషర్‌ను పసిగట్టి మానిటర్‌కు పంపే పరికరాన్ని, చెవి రంధ్రం ఎత్తుకు సరిగ్గా అమర్చాలి. ఎవరో మంచం పది సెంటీమీటర్లు పైకి లేపి దీన్ని లేపడం మర్చిపోతే, మానిటర్ ఉన్నదానికంటే సుమారు ఏడు మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. పెద్దవాళ్లలో మామూలుగా ఉండేదే 7 నుంచి 15 మిల్లీమీటర్లు, పసిపిల్లల్లో ఇంకా తక్కువ. అంటే బిడ్డ నిక్షేపంగా ఉన్నా అలారం మోగొచ్చు, అందరికీ టెన్షన్. అప్పుడు మందు కోసం పరుగెత్తకుండా ముందు మంచం ఎత్తు చూసే నర్సు బిడ్డకు అక్కర్లేని వైద్యం తప్పిస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ గీతలో మూడు చిన్న శిఖరాలు వస్తాయి. రెండోది మొదటిదాన్ని మించి లేస్తే, అంకె ఇంకా మామూలుగానే ఉన్నా, తలలో సర్దుకునే చోటు తగ్గుతోందని అనుమానించాలి. నర్సింగ్ డిగ్రీ తర్వాత పిల్లల ఐసీయూలో శిక్షణ పొందితే ఇదంతా చేతికి వస్తుంది. అనస్థీషియా టెక్నాలజీ, మెదడు, నరాల సంకేతాలను రికార్డు చేసే న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ కోర్సులూ ఉన్నాయి. చేర్చే ముందు పిల్లల న్యూరోసర్జరీ జరిగే ఆస్పత్రిలో ప్రాక్టికల్స్ ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే ఆ కోర్సు మీకు పెద్దగా ఉపయోగపడదు.

చివరిది బయోమెడికల్ ఇంజినీరింగ్. మెదడు కణజాలంలో పెట్టే సన్నని సెన్సర్లకు మంచం ఎత్తుతో పనిలేదు, కానీ వాటిలో ఎక్కువ రకాలను లోపల పెట్టాక మళ్లీ సున్నాకు సరిచేయడం కుదరదు. రోజులు గడిచేకొద్దీ అంకె నెమ్మదిగా పక్కకు జరగొచ్చు. అసలు తలకు రంధ్రం పెట్టకుండా కొలవాలని ఎప్పటినుంచో ప్రయత్నాలు జరుగుతున్నాయి. కంటి నరం తొడుగు మందాన్ని అల్ట్రాసౌండ్‌తో చూడటం, రెటీనాను ఓసీటీ అనే కాంతి స్కాన్‌తో చూడటం లాంటివి పనికొస్తున్నాయి గానీ, ఏదీ ఇంకా సెన్సర్ స్థానాన్ని పూర్తిగా తీసుకోలేదు. లెక్కలు వచ్చిన పిల్లకు చేయాల్సిన పని ఇక్కడ బోలెడుంది, రక్తంతో పేచీ కూడా తక్కువ.

అలాగని రక్తం భయం ఒక్కటే చూసి వైద్యం దారి మూసేయకండి. కళ్లు తిరగడం ధైర్యం లేక కాదు, బీపీ ఒక్కసారిగా పడిపోవడం వల్ల. కాళ్లు, చేతుల కండరాలు బిగబట్టి వదిలే పద్ధతి ఒకటి ఉంది, సైకాలజిస్టులు నేర్పుతారు, చాలామందికి పనిచేస్తుంది. నాకు దానికన్నా ఇంకో సందేహం ఉంది. తమ్ముడు బాగయ్యాడు కాబట్టి తనకు ఆ గది మంచి జ్ఞాపకంగా మిగిలింది. అక్కడికి వచ్చే పిల్లలందరి కథా అలా ముగియదు. ఆ సంగతి తనతో ఇప్పుడే మాట్లాడండి, భయపెట్టడానికి కాదు, తెలిసి ఎంచుకోవడానికి.

ఇప్పటికైతే లెక్కలు, బయాలజీ రెండూ వదలొద్దు, అవకాశం ఉంటే రెండు వైపుల ప్రవేశ పరీక్షలూ రాయించండి. ఈలోగా బాబును ఫాలోఅప్‌కు తీసుకెళ్లినప్పుడు అమ్మాయినీ వెంట తీసుకెళ్లి, మత్తు డాక్టర్‌తోనో, ఐసీయూ నర్సుతోనో పది నిమిషాలు మాట్లాడించండి. ఏం చదవాలని కాకుండా, ఆ రాత్రి మా తమ్ముడి మానిటర్‌లో మీరు దేనికోసం చూశారు అని అడగమనండి. ఆ జవాబు విన్నాక తనకు ఇంకా ప్రశ్నలు వస్తున్నాయంటే వైద్యం వైపు ఆలోచించండి. ఆ సెన్సర్ ఎలా పనిచేస్తుందన్న దగ్గరే ఆగిపోతే ఇంజినీరింగ్ ఫారం ముందు నింపండి.