అమ్మకి అమెరికా విజిటర్ వీసా: ఫోన్‌లో మనమే నింపొచ్చా, ఏజెంటుకి ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మలికిపురం దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి 61 ఏళ్ళు. డల్లాస్‌లో ఉన్న మీ చెల్లికి ఐదో నెల. పురిటికి అమ్మని పంపాలి. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. ఏజెంటు 15 వేలు అడుగుతున్నాడు. మీరే చేద్దామంటే ఎక్కడ తప్పు పోతుందోనని టెన్షన్.

మీరే చేయండి. మా అమ్మకీ నాన్నగారికీ నేనే నింపాను. నాకు పుట్టిల్లు రాజోలు వైపు, అత్తవారిల్లు పాలకొల్లు. అంతకుముందు నేను ఏ వీసా ఫారమూ చూసి ఎరగను. ఏజెంటుకి ఎందుకు ఇవ్వొద్దంటున్నానో ముందు చెబుతాను.

మా అత్తగారి ఊళ్ళో తెలిసినావిడ ఒకరు ఒక ఏజెంటు చేత నింపించుకున్నారు. అమెరికాలో దగ్గరి బంధువులు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకి అతను ‘లేరు’ అని పెట్టేశాడు. కూతురు అక్కడే ఉందని తెలిస్తే వీసా ఇవ్వరని అతని లెక్క. ఆవిడకి ఆ సంగతే తెలియదు. ఇంటర్వ్యూలో ఎవరి దగ్గరికి వెళ్తున్నారని అడిగితే ఉన్నమాటే చెప్పారు, మా అమ్మాయి దగ్గరికండీ అని. ఫారంలో ఒకటి, నోట ఇంకొకటి. వీసా రాలేదు. మనవడిని ఎత్తుకోవడానికి వెళ్ళాల్సిన మనిషి తాను ఏం తప్పు చేసిందో తెలియక నెలల తరబడి కుమిలిపోయింది. కావాలని అబద్ధం రాసినట్టు వాళ్ళు తేలిస్తే అమెరికా చట్టం ప్రకారం అది జీవితాంతం అడ్డు పడుతుంది. అది పడేది నింపినవాడి మీద కాదు, పాస్‌పోర్టు ఎవరిదో వాళ్ళ మీద. అందుకే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పి, ఆవిడ చెప్పిన జవాబే రాయండి. మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

ముందు సరైన సైటుకి వెళ్ళాలి. విజిటర్ వీసాని బీ1/బీ2 అంటారు. దాని ఫారం పేరు డీఎస్-160. అది సీఈఏసీ డాట్ స్టేట్ డాట్ గవ్ అనే అమెరికా ప్రభుత్వ సైటులో ఉంటుంది. ఫారం నింపడానికి పైసా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే పైన యాడ్‌లుగా అచ్చం అలాంటి సైట్లే కనిపిస్తాయి. ఫారం దగ్గరే కార్డు నంబరు అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. ఇందులో ఒక తికమక ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునే సైటు యూఎస్ వీసా షెడ్యూలింగ్ డాట్ కామ్. దాని చివర గవ్ ఉండదు, అయినా అదే అసలుది. పేర్లు గుర్తుపెట్టుకునే బదులు ఇండియాలోని అమెరికా ఎంబసీ సైటు తెరిచి అందులోని లింకుల మీదుగా వెళ్తే భయం ఉండదు.

ఫోన్‌లో అవుతుందా అంటే, అవుతుంది. నాన్నగారి ఫారం సగం నేను ఫోన్‌లోనే చేశాను. కానీ అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. ఫోన్‌లో దాచుకున్న వివరాలని బ్రౌజర్ తనంతట తానే నింపేస్తుంది కదా, అలా అమ్మ ఇంటిపేరు ఉండాల్సిన చోట మా అత్తవారి ఇంటిపేరు వచ్చి కూర్చుంది. మూడు పేజీలు దాటాక వెనక్కి వచ్చి చూస్తే గానీ నాకు కనపడలేదు. “ఈ ఫారం ప్రకారం మీ అమ్మ మీ అత్తగారికి కోడలైనట్టుందే” అని నాన్నగారు తల పట్టుకున్నారు. ఆటోఫిల్ ఆపేయండి. కీబోర్డులో స్పెల్లింగు దిద్దే సెట్టింగు కూడా ఆపేయండి, మన ఊళ్ళ పేర్లని అది ఏదేదో మార్చేస్తుంది. పేజీని తెలుగులోకి అనువాదం చేయించి చదువుకోవచ్చు గానీ, నింపేటప్పుడు అనువాదం తీసేసి జవాబులు ఇంగ్లీషులోనే రాయాలి.

నా సలహా ఏమిటంటే, ఫోన్‌లో ప్రశ్నలన్నీ చూసుకుంటూ జవాబులు ముందు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తర్వాత తెలిసినవాళ్ళ లాప్‌టాప్ ఒక పూట అడిగి తీసుకోండి. నెట్ సెంటర్‌కి వెళ్ళాల్సి వస్తే లేచే ముందు పాస్‌పోర్టు స్కాన్‌లు, ఫోటోలు ఆ కంప్యూటర్‌లోంచి తీసేసి, మీ మెయిల్ లాగౌట్ చేసి రండి.

ఫారం మొదలుపెట్టగానే ఏఏ అక్షరాలతో మొదలయ్యే అప్లికేషన్ ఐడీ ఒకటి ఇస్తుంది. అది అన్నిటికంటే ముందు కాగితం మీద రాసుకోవాలి. దాంతోపాటు ఒక సెక్యూరిటీ ప్రశ్న ఎంచుకోమంటుంది. దాని జవాబు ఏ స్పెల్లింగుతో కొట్టారో అదే స్పెల్లింగుతో రాసి పెట్టుకోండి. దాదాపు 20 నిమిషాలు ఏమీ నొక్కకుండా ఉంటే సైటు బయటికి తోసేస్తుంది. మాకు సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది, వైఫై పోయింది, సేవ్ చేయని పేజీ పోయింది. మళ్ళీ తెరవాలంటే ఆ ఐడీ, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఆ సెక్యూరిటీ జవాబు కావాలి. జవాబుగా అమ్మమ్మ పేరు పెట్టాను, అందులో ‘హెచ్’ వేశానో లేదో గుర్తులేదు. గంటసేపు చెమటలు పట్టాయి. పేజీ పేజీకీ సేవ్ నొక్కండి. సేవ్ చేసిన ఫారం 30 రోజులు ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది పేర్ల దగ్గర. మన వైపు పేర్లు మీకు తెలుసుగా, వీర వెంకట సత్యనారాయణ అని ఉంటే బయట అందరూ ఇనిషియల్స్‌తో రాసేస్తారు. ఫారంలో అలా కుదరదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే సర్‌నేమ్, గివెన్ నేమ్ దగ్గర ఏముందో అదే గివెన్ నేమ్, అక్షరం తేడా లేకుండా. ఆధార్‌లో ఇంకోలా ఉన్నా ఇక్కడ పాస్‌పోర్టు మాటే చెల్లుతుంది. పాత పాస్‌పోర్టుల్లో కొందరికి సర్‌నేమ్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఉన్న పేరంతా సర్‌నేమ్ కాలమ్‌లో వేసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వేయమని వాళ్ళ సూచనల్లోనే ఉంది. తర్వాత వేరే పేర్లు ఎప్పుడైనా వాడారా అని అడుగుతుంది. మా అమ్మ టెన్త్ సర్టిఫికెట్ పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, పాస్‌పోర్టు మా నాన్నగారి ఇంటిపేరుతో ఉంది. కాబట్టి ‘అవును’ అని పెట్టి ఆ పాత ఇంటిపేరు రాశాం.

పుట్టిన ఊరి దగ్గర మాకు ఇంకో సందేహం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. అమ్మ పాస్‌పోర్టు అంతకుముందుది, అందులో అడ్రసు తూర్పు గోదావరి. ఆధార్ అప్‌డేట్ చేయించాక కోనసీమ. పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాసి, ఇప్పటి అడ్రసు మాత్రం ఇప్పుడు ఉన్నట్టే రాశాం. జిల్లా మారడం వల్ల ఎవరూ ఏమీ అడగలేదు. మీ అమ్మగారి అమ్మానాన్నల పుట్టినరోజులు కూడా అడుగుతుంది. తెలియకపోతే ‘తెలియదు’ అని టిక్ పెట్టే వీలుంది. ఊహించి ఏదో తేదీ వేయకండి.

ఉద్యోగం దగ్గర అమ్మకి హోమ్‌మేకర్ అని ఉంటుంది, తేలిగ్గా అయిపోతుంది. నాన్నగారి దగ్గరే మేం ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. ఫారం నెలకి ఆదాయం ఎంత అంటుంది. కొబ్బరి రైతుకి నెల జీతం ఎక్కడిది? కొబ్బరి డబ్బు దింపు దింపుకీ వస్తుంది, రేటు ప్రతిసారీ ఒకటి కాదు. వరి డబ్బు సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి. నాన్నగారు ముందు ఒక పెద్ద అంకె చెప్పి “అది వెయ్యమ్మా, బాగుంటుంది” అన్నారు. నేను బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి ముందు పెట్టాను. ఏడాది దింపులన్నీ ఒక పక్క, రెండు పంటలు ఒక పక్క రాసి, దింపు కూలీ, ఎరువు, కోత ఖర్చు తీసేసి, వచ్చినదాన్ని 12తో భాగించాం. ఆయన మొదట చెప్పినదాంట్లో సగం కూడా రాలేదు. అదే వేశాం. రేపు కౌంటర్ దగ్గర అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేది అదే కదా. మీ అమ్మగారి ఖర్చు మీ చెల్లి పెట్టుకుంటుంటే అది కూడా దాచక్కర్లేదు, ఖర్చు ఎవరు భరిస్తారనే ప్రశ్న విడిగా ఉంది.

ఐదేళ్ళలో వెళ్ళిన దేశాలు అడుగుతుంది. మీ అమ్మగారు ఎప్పుడైనా కువైట్ గానీ దుబాయ్ గానీ వెళ్ళి ఉంటే చెప్పాలి. ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లు కూడా అడుగుతారు, 2019 నుంచి ఉంది ఈ ప్రశ్న. అమ్మకి ఏమీ లేదనుకున్నాను. మేనల్లుడు ఎప్పుడో ఫేస్‌బుక్ తెరిచి ఇచ్చాడని ఆవిడే గుర్తుచేసింది. చివర్లో జబ్బులు, కేసులు, నేరాల మీద వరసగా అవును-కాదు ప్రశ్నలు వస్తాయి. గబగబా ‘కాదు’ నొక్కుకుంటూ పోకండి, ప్రతిదీ అమ్మకి చదివి వినిపించండి.

ఫోటో గురించి రెండు మాటలు. మన స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటో అంటే నీలం బ్యాక్‌గ్రౌండ్‌తో నిలువు ఫోటో తీసేస్తారు. ఇక్కడ తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 2 అంగుళాల చదరం, ఆరు నెలల లోపు తీసినది కావాలి. కళ్ళజోడు తీసేయాలి, 2016 నవంబర్ నుంచి ఒప్పుకోవడం లేదు. అప్‌లోడ్ చేసే ఫైలు జేపెగ్, 600 నుంచి 1200 పిక్సెళ్ళ చదరం, 240 కేబీ దాటకూడదు. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి స్టూడియో అబ్బాయికి ఇవ్వండి. మా అమ్మ బుగ్గ మీద పుట్టుమచ్చని, నుదుటి ముడతలని అతను ముచ్చటగా చెరిపేశాడు. వద్దు బాబూ అని మళ్ళీ తీయించాం. వాట్సాప్‌లో పంపించమంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే నాణ్యత పడిపోతుంది.

సంతకం పేజీలో, ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అడుగుతుంది. చేశారు అని పెట్టి మీ పేరు రాయండి, అందులో తప్పేమీ లేదు. కానీ సంతకం బటన్ మాత్రం మీ అమ్మగారే నొక్కాలి, అది వాళ్ళ నిబంధన. నేను మౌస్ అమ్మ చేతికిచ్చాను. “ఇదేనా సంతకం?” అని ఒకసారి నా మొహం చూసి, చేయి చీరకొంగుకి తుడుచుకుని నొక్కింది. ఆ తర్వాత బార్‌కోడ్‌తో కన్ఫర్మేషన్ పేజీ వస్తుంది. మీ మెయిల్‌కి పంపుకోండి, బార్‌కోడ్ చెదరకుండా మంచి ప్రింటు తీయించండి.

అప్పుడు అపాయింట్‌మెంట్ సైటులో ప్రొఫైల్ తెరిచి ఫీజు కట్టాలి. ఫీజు 185 డాలర్లు, 2023 జూన్ నుంచి ఇదే. వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ప్రొఫైల్‌లో వేసే డీఎస్-160 నంబరు, మీ చేతిలో ఉన్న కన్ఫర్మేషన్ పేజీ మీది నంబరు ఒకటే అయి ఉండాలి. ఫారం మళ్ళీ నింపితే నంబరు మారిపోతుంది, అది మర్చిపోతారు చాలామంది. అమ్మగారి పాస్‌పోర్టు రెన్యూ చేయించాల్సి ఉంటే ఫారం ముట్టుకోకముందే చేయించండి. చెల్లికి ఐదో నెల అంటున్నారు కాబట్టి స్లాట్ల కోసం ఆలస్యం చేయొద్దు, ఈ వారమే మొదలుపెట్టండి. విమానం టికెట్టు మాత్రం వీసా చేతికి వచ్చాకే కొనండి. ఫారంలో ప్రయాణం తేదీ సుమారుగా వేస్తే చాలు.

హైదరాబాద్‌లో పని రెండు చోట్ల. ముందు వేలిముద్రలు, ఫోటో కోసం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా సెంటర్, తర్వాత ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్. బేగంపేట పైగా ప్యాలెస్ అని ఎవరైనా చెబితే అది 2023 మార్చికి ముందు మాట. మీ వైపు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు వస్తే రాత్రి రైలు దొరుకుతుంది. ఒక రోజు ముందే వెళ్ళండి, రైలు దిగి నేరుగా ఇంటర్వ్యూకి తీసుకెళ్ళకండి. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. అమ్మకి మీరు బయట ఎక్కడ నిలబడి ఉంటారో ముందే ఆ చోటు చూపించండి, లేకపోతే బయటికి వచ్చాక కంగారు పడతారు.

ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. అమ్మకి నేను జవాబులు బట్టీ పట్టించలేదు, నింపిన ఫారం మాత్రం రెండుసార్లు చదివి వినిపించాను. ఎవరి దగ్గరికి అని అడిగారట, “ఆయ్, మా చిన్నమ్మాయి దగ్గరికండి, పురుడు పొయ్యాలండి” అందట. ఎన్నాళ్ళు ఉంటారంటే, “అయిదు నెలలండి, దాళ్వా కోతలకి ఇంట్లో ఉండాలండి” అందట. నాన్నగారిని తోట ఎంత అని అడిగారు. అంతే. వెళ్ళి తిరిగి వస్తారన్న నమ్మకం వాళ్ళకి కలగాలి, వీసాలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. మన ఆస్తిపాస్తులు, పంట, ఇంట్లో ఉన్నవాళ్ళు, ఇవన్నీ మీ అమ్మగారి నోట మామూలుగా వస్తే చాలు. పదేళ్ళ వీసా వచ్చినా పదేళ్ళు ఉండొచ్చని కాదు, ఒక్కో ప్రయాణంలో ఎన్నాళ్ళు ఉండొచ్చో అక్కడ దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఈ మాట చెల్లికి కూడా చెప్పి ఉంచండి.

నింపుతుండగా ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీలో ఏం అడుగుతోందో ఇక్కడే రాయండి, నేను రోజూ రాత్రి చూస్తుంటాను. స్క్రీన్‌షాట్ పెడితే మాత్రం పాస్‌పోర్టు నంబరు, ఏఏ నంబరు కనపడకుండా కొట్టేసి పెట్టండి.