ఇంటి అలారానికి అందరికీ ఒకే కోడ్ సరిపోదా?

దయచేసి అలా చేయకండి. మాస్టర్ కోడ్ ఇంటి యజమాని దగ్గరే ఉండాలి, ఎందుకంటే కొత్త కోడ్‌లు చేర్చడం, పాతవి తీసేయడం దానితోనే జరుగుతుంది. మిగతావాళ్లకి తలా ఒక యూజర్ కోడ్ చాలు. పనమ్మాయికి విడిగా ఇస్తే ఆమె పని మానేసిన రోజు అదొక్కటే తీసేయొచ్చు, ఇంటిల్లిపాదీ కొత్త నంబర్ గుర్తుపెట్టుకోవాల్సిన టెన్షన్ ఉండదు.

చాలామంది మరిచిపోయేది ఇన్‌స్టాలర్ కోడ్, అంటే అలారం బిగించేవాళ్లు వాడే కోడ్. సెన్సర్ల సెట్టింగులు దానితోనే తెరుచుకుంటాయి, ఫ్యాక్టరీలో పెట్టిన అంకెలే వదిలేస్తే మాన్యువల్ చదివినవాడెవడైనా ఆ సెట్టింగులు మార్చేయగలడు, కాబట్టి బిగించిన రోజే ఆ కోడ్ మార్పించండి.

మీ ప్యానెల్‌లో డ్యూరెస్ కోడ్ ఉంటే ఇంట్లో అందరికీ నేర్పండి: ఎవరైనా బెదిరించి అలారం ఆపమంటే అది నొక్కాలి, పైకి మామూలుగానే ఆగిపోతుంది కానీ అలారాన్ని దూరం నుంచి గమనించే మానిటరింగ్ సెంటర్‌కి చప్పుడు లేకుండా కబురు వెళ్తుంది.