6 లక్షల స్పీకర్లు 45 వేల వాటికంటే బాగా మోగకపోతే కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మాది గుంటూరు. పాటంటే ప్రాణం. పోయిన సంక్రాంతి ముందు హైదరాబాద్‌లో ఒక ఆడియో షోరూంలో విదేశీ కంపెనీ స్పీకర్ల జత 6,40,000 రూపాయలు పెట్టి కొన్నాను. ‘బాలమురళిగారు మీ హాల్లో కూర్చుని పాడినట్టే ఉంటుంది, బేస్ 28 హెర్ట్జ్ దాకా దిగుతుంది’ అన్నారు. తీరా ఇంట్లో పెడితే మృదంగం మోతలో గొంతు మునిగిపోతోంది. మా తోడల్లుడు 45,000కి కొన్నవే నా చెవికి హాయిగా ఉన్నాయి. షోరూం వాళ్లేమో వాపసు తీసుకోం అంటున్నారు. ఇంత ధర గుంజడం మోసం కాదా? అన్నట్టు, ఒక స్పీకర్ వెనక ఉన్న సీరియల్ నంబరు, బిల్లులో ఉన్న నంబరు ఒకటి కావు. అదేమైనా పనికొస్తుందా?

జవాబు: మీరు ‘అన్నట్టు’ అని చివర్లో వదిలేసిన ముక్కే ఈ ఉత్తరంలో అసలు కేసు. దాని దగ్గరికి వస్తాను. ముందు ధర సంగతి చూద్దాం, ఎందుకంటే మీ కోపమంతా అక్కడే ఉంది.

ధర ఎక్కువైందన్న ఒక్క కారణంతో మన చట్టం ఏ కొనుగోలునూ రద్దు చేయదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్ముతానని ఒకడు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుంది. నష్టపోయింది అమ్మినవాడైనా కొన్నవాడైనా సూత్రం అదే. ధర మరీ అన్యాయంగా ఉంటే, సమ్మతి నిజంగా ఇష్టపూర్వకంగానే ఇచ్చారా అని కోర్టు ఆరా తీస్తుంది, అంతవరకే. పెట్టె మీద వేసిన ఎమ్మార్పీ కంటేనో, మీరిద్దరూ ఒప్పుకున్న రేటు కంటేనో ఎక్కువ తీసుకుంటే మాత్రం అది ఫిర్యాదే. పెట్టె పారేయకపోతే ఒకసారి చూడండి.

ఇక వాళ్లన్న మాటలు. బాలమురళిగారు హాల్లో కూర్చోవడం అమ్మకందారు గొప్పలు. పుచ్చకాయల బండివాడు ‘చక్కెరండీ’ అంటే ఎవరూ కేసు పెట్టరు కదా. ‘28 హెర్ట్జ్’ అలా కాదు, అది కొలిచి తేల్చగల మాట (హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ శబ్దం మంద్రమవుతుంది). అయితే బ్రోషర్‌లో ఆ అంకె పక్కన ఏముందో చదవండి. ‘±3 డెసిబెల్స్’ (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) అని ఉంటే గట్టి హామీ. ‘−10’ అని ఉంటే, 28 దగ్గర శబ్దం సగానికి సగం తగ్గి వినిపిస్తుందని వాళ్లే చిన్న అక్షరాల్లో ఒప్పుకున్నట్టు. వాట్సాప్‌లో రాసి పంపి ఉంటే దాచండి. నోటిమాటే అయితే, అలా అన్నారని రుజువు చేయాల్సిన బరువు మీ మీదే పడుతుంది.

నేను ఎదుటి పక్షం వకీలునైతే మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: ‘మీ హాలు ఎంత పొడవండీ?’ ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 94 దగ్గర శబ్దం గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఉబ్బుతుంది. టైల్స్ నేల, ఉత్త గోడలు ఉంటే మరీనూ. మీ స్పీకర్లు అంత కిందికి దిగగలవు కాబట్టే మోత. మీ తోడల్లుడివి బహుశా అంత దిగవు కాబట్టి గొంతు తేటగా వినిపిస్తోంది. అంటే మీరు లోపం అంటున్నది వాళ్లకు గొప్పగా మారుతుంది! రెండో ప్రశ్న: ‘చూసి విన్నారా, చూడకుండా విన్నారా?’ హార్మన్ అనే ఆడియో కంపెనీలో పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చేసిన పరీక్షలో, స్పీకర్ కనబడుతుంటే ఒక రకంగా, తెర వెనక ఉంటే ఇంకో రకంగా మార్కులు పడ్డాయి. విన్నవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి రెండు జతలనూ ఒకే గదిలో, గోడకు కొంచెం ఎడంగా పెట్టి, ముందు పల్చటి గుడ్డ వేలాడదీసి, ఏది మోగుతోందో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు వినిపించండి. ఇది కోర్టు కోసం కాదు, మీ కోసం. అప్పటికీ తోడల్లుడివే నెగ్గితే మీరు డబ్బు ఎక్కువ పెట్టారని తేలుతుంది, మోసపోయారని తేలదు.

ఇప్పుడు సీరియల్ నంబరు. వాడిన సరుకునో, పాత సరుకునో కొత్తదని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఒక స్పీకర్ డెమోలో వాడిందో, వేరే జతలోదో అయి ఉండొచ్చు. బిల్లు రాసేవాడి పొరపాటు కూడా కావచ్చు, అందుకని ఇప్పుడే దొంగ అనకండి. రెండు స్పీకర్ల వెనక నంబర్లు, బిల్లు, వారంటీ కార్డు, పెట్టె మీది లేబుల్, స్క్రూల దగ్గర గీతలుంటే అవీ, ఫోటోలు తీయండి. దిగుమతిదారుకు ఆ నంబరు రాసి, అది ఏ తేదీన ఏ డీలరుకు పంపారో, వారంటీ ఎప్పుడు మొదలైందో మెయిల్‌లో అడగండి. ఆ జవాబు మీ హాల్లో మోత కంటే వంద రెట్లు బలమైన సాక్ష్యం.

తర్వాత షోరూంకి స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చు వేసుకున్నా, లోపమున్న సరుకు విషయంలో అది వాళ్లను కాపాడదు. నచ్చలేదన్న కారణానికి మాత్రం కాపాడుతుంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫిర్యాదు ఇవ్వండి, కొన్ని అక్కడే తెమిలిపోతాయి.

తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. మీ మొత్తానికి ఫీజు 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు (నా కడుపు కొట్టుకుని చెబుతున్నా). గడువు 2 ఏళ్లు. శబ్దంలోనే లోపం ఉందని వాదిస్తే కమిషన్ ల్యాబ్‌కి పంపవచ్చు, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. అందుకే నంబరు మీద నిలబడమంటున్నాను. రుజువైతే మార్చి ఇవ్వమనో, డబ్బు వాపసు ఇవ్వమనో, పైన పరిహారం ఇవ్వమనో ఆదేశించవచ్చు. ఫంక్షన్ హాలు వ్యాపారానికి కొని ఉంటే ఇదంతా కుదిరేది కాదు, మీరు ఇంటికే కొన్నారు కాబట్టి చిక్కు లేదు.

విసుగొచ్చి వాటిని ఎవరికైనా అమ్మేద్దామనుకోకండి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు ధరా రాదు, సాక్ష్యమూ పోతుంది. నోటీసు అందాక షోరూం నుంచి మెకానిక్ వచ్చి ‘ఒకసారి తీసుకెళ్లి చూస్తాం సార్’ అంటే, ఆ సీరియల్ నంబరుతో సహా రసీదు రాయించుకున్నాకే గుమ్మం దాటనివ్వండి.