పెట్టెలోంచి తీసిన హార్డ్ డిస్కును కంప్యూటర్ గుర్తించకపోతే

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు అన్నీ 4 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో దాచుకుంటాం. అది బల్ల మీద పెట్టుకునే పెద్ద రకం, విడిగా అడాప్టరు ఉంటుంది. మొన్న కరెంటు పోయి వచ్చాక దాని లైటు వెలగడం మానేసింది. రిపేరు షాపులో పైపెట్టె విప్పి, లోపలి డిస్కును నేరుగా కంప్యూటర్‌లో బిగించారు. మొదట అసలు తిరగలేదు. వేరే పవర్ కేబుల్ పెట్టాక తిరిగింది గానీ దిస్ పీసీలో కనిపించడం లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఇనీషియలైజ్ చేయమని అడుగుతోంది. ఫార్మాట్ చేస్తే వచ్చేస్తుందని షాపువారు అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయించవద్దు. ఫార్మాట్ చేస్తే డిస్కు కనిపించే మాట నిజమే గానీ, కనిపించేది ఖాళీ డిస్కు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే డిస్కు పాడై ఉండకపోవచ్చు. దాన్ని తన పెట్టెలోంచి బయటికి తీయడమే ఇప్పటి చిక్కుకు కారణమని నా అనుమానం.

ఒక కేబుల్‌తో తిరగని డిస్కు మరో కేబుల్‌తో తిరగడం చూసి, అది చివరి దశకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది లోపమే కాకపోవచ్చు. డిస్కును కంప్యూటర్‌కు కలిపే పద్ధతి పేరు సాటా. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో పవర్ కనెక్టరులోని మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు. ఆ పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటే డిస్కు ఆగిపోవాలి. సర్వర్లలో డిస్కులను దూరం నుంచే ఆపి మళ్లీ నడిపించడానికి చేసిన ఏర్పాటు ఇది. ఇళ్లలో, షాపుల్లో వాడే చాలా పవర్ సప్లైలలో పాత పద్ధతి ప్రకారం ఆ పిన్నుకు 3.3 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి కనుక, ఆ ఏర్పాటు ఉన్న డిస్కు అక్కడ ఎంతసేపటికీ కదలదు. షాపువారు రెండోసారి పెట్టినది మోలెక్స్ అనే నాలుగు పిన్నుల పాత పవర్ కనెక్టరు నుంచి సాటాకు మార్చే కేబుల్ అయి ఉంటుంది. దానిలో 3.3 వోల్టుల తీగే ఉండదు కాబట్టి డిస్కు తిరిగింది. మాట వచ్చింది కనుక చెబుతున్నాను, అటువంటి కేబుళ్లలో ప్లాస్టిక్‌ను ఒకే ముద్దగా పోతపోసిన చవక రకాలు లోపల షార్టయి కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. దాన్ని రాత్రంతా ఆన్‌లో వదిలేయవద్దు.

ఇక ఇనీషియలైజ్, అంటే కొత్త డిస్కును వాడకానికి సిద్ధం చేయడం, దాని సంగతి. ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టెలో, డిస్కుకూ యూఎస్‌బీ కేబుల్‌కూ నడుమ చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ బోర్డు అంటారు. సాటా సంకేతాలను యూఎస్‌బీలోకి మార్చడం దాని మొదటి పని. కొన్ని మోడళ్లలో, మీరు ఏ పాస్‌వర్డూ పెట్టకపోయినా, డిస్కు మీదికి వెళ్లే ప్రతి బైటునూ అది ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్లు రహస్య లిపిలోకి మార్చి రాస్తుంది. మరికొన్నింటిలో 512 బైట్ల సెక్టార్లను, అంటే డిస్కు మీది చిన్న గడులను, ఎనిమిదేసి కలిపి 4,096 బైట్ల సెక్టార్లుగా కంప్యూటర్‌కు చూపిస్తుంది. 2 టెరాబైట్లు దాటిన డిస్కులు పాత విండోస్ ఎక్స్‌పీలో కూడా పనిచేయడానికి తయారీదారులు పన్నిన ఉపాయం అది. బోర్డును తప్పించి డిస్కును మదర్‌బోర్డుకు కలిపినప్పుడు సెక్టార్ల తేడా మాత్రమే ఉంటే, విండోస్ తరచుగా ఆ పార్టిషన్‌ను (డిస్కులోని విభాగాన్ని) తనకు అర్థం కానిదిగా, ‘రా’ (RAW) అని చూపి ఫార్మాట్ చేయమంటుంది. మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే పార్టిషన్ పట్టికే దానికి కనిపించదు కాబట్టి, అది కొత్త డిస్కు అనుకుని ఇనీషియలైజ్ చేయమంటుంది. మీకు వచ్చిన సందేశం రెండోది కనుక నేను ఎన్‌క్రిప్షన్ వైపే మొగ్గుతున్నాను. అదే నిజమైతే, ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెదికినా ఈ స్థితిలో ఒక్క ఫోటో కూడా దొరకదు.

డిస్క్ మేనేజ్‌మెంట్ కిటికీలో డిస్కు సైజు ఎంత చూపుతోందో గమనించండి. 4 టెరాబైట్ల డిస్కుకు విండోస్ లెక్కలో సుమారు 3,726 జీబీ రావాలి. అలా వస్తే మంచి సూచనే. సైజు లేకపోయినా, తప్పుగా ఉన్నా, లేదా లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా వెంటనే కరెంటు తీసేయండి. అప్పుడది డేటా రికవరీ నిపుణులు చూడవలసిన డిస్కు.

సైజు సరిగా ఉంటే డిస్కును తిరిగి దాని పెట్టెలో, దాని బోర్డుకే బిగించి, కొత్త అడాప్టరు పెట్టి చూడండి. కరెంటు దెబ్బకు ముందుగా పోయేది తరచుగా అడాప్టరే, అయినా షాపులో దాన్ని పరీక్షించినట్లు మీరు రాయలేదు. మల్టీమీటరు ఉంటే అది ఒక్క నిమిషం పని. ఈ రకం పెట్టెలకు సాధారణంగా 12 వోల్టుల అడాప్టరు కావాలి. పాతదాని మీద రాసిన వోల్టేజీ అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ను మధ్యన ప్లస్సా మైనస్సా అన్నదీ కలవాలి. పిన్ను పట్టింది కదా అని ల్యాప్‌టాప్ అడాప్టరు గుచ్చితే, అందులోంచి వచ్చే 19 వోల్టులు బోర్డునూ డిస్కునూ కలిపి కాల్చగలవు. గుంటూరులో సరైనది దొరకకపోతే విజయవాడ గవర్నర్‌పేట వైపు వెళ్లేటప్పుడు పాత అడాప్టరును వెంట తీసుకువెళ్లండి.

లైటు వెలిగి ఫోల్డర్లు తెరుచుకుంటే మొదట అన్నీ మరో డిస్కులోకి కాపీ చేయండి. లోపాలను సరిదిద్దే చెక్‌డిస్క్ వంటివి డిస్కు మీద మార్పులు రాస్తాయి కనుక కాపీ పూర్తయ్యేదాకా వాటి జోలికి వెళ్లకండి. కొత్త అడాప్టరుతోనూ వెలగకపోతే బ్రిడ్జ్ బోర్డు పోయినట్లు భావించాలి. అప్పుడు అదే మోడల్ పెట్టె, వీలైతే అదే బోర్డు నంబరు ఉన్నది సంపాదించాలి. ఈ బోర్డు వేరు, డిస్కుకే అడుగున అంటుకుని ఉండే బోర్డు వేరు. రెండోదానిలోని చిప్పులో ఆ ఒక్క డిస్కుకే చెందిన కొలతలు ఉంటాయి కాబట్టి, దాన్ని మరో డిస్కు బోర్డుతో మార్చనివ్వకండి.

షాపులో ఇప్పటికే ఇనీషియలైజ్ నొక్కి ఉన్నా ఆశ వదులుకోనక్కరలేదు. అది డిస్కు అంచుల్లో కొద్ది సెక్టార్లను మాత్రమే మారుస్తుంది, మిగతాది అలాగే ఉంటుంది. ఫుల్ ఫార్మాట్ అలా కాదు. విస్టా కాలం నుంచి అది పార్టిషన్ మొత్తం మీద సున్నాలు రాస్తోంది, ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా సింగ్‌నగర్ ఇంట్లో డెస్క్‌టాప్ మునిగిపోయింది. అందులోని హార్డ్ డిస్కును ఎండబెట్టి బీరువాలో ఉంచాం. ఇప్పుడు వేరే కంప్యూటర్‌కు పెడితే గుర్తించడం లేదు. ఇంకేదైనా కేబుల్‌తో ప్రయత్నించవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇక ఏ కేబుల్‌తోనూ ఆన్ చేయకండి. మామూలు హార్డ్ డిస్కు మూతకు గాలి ఒత్తిడి సర్దుకోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దాని వెనుక ఫిల్టరు ఉన్నా అది దుమ్మును ఆపుతుందే తప్ప, మునిగిపోయిన డిస్కులోకి నీటిని రాకుండా ఆపలేదు. నీరు ఆరిపోయినా దానితో వచ్చిన ఒండ్రు డేటా ఉండే లోపలి పళ్లేల మీదా, వాటిని చదివే హెడ్ల మీదా గట్టిపడి ఉంటుంది. అటువంటి పళ్లేలు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగితే పైపూత గీసుకుపోతుంది. క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని గది) ఉన్న రికవరీ సంస్థకే ఇవ్వండి. డిస్కు మునిగిందనీ, ఆరిపోయిందనీ, ఒకసారి ఆన్ చేశారనీ ముందే చెప్పండి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో డిస్కు విప్పకముందే రాయించుకోండి.